‘మన ముద్దపప్పు లాంటిదే’: ఒక యువ రచయిత్రికి లేఖ

శాన్ ఆంటోనియో, టెక్సస్

చిరంజీవి అమ్మాయికి, దీవెనలు.

ఇర్వింగ్‌లో మీ అపార్టుమెంటు పక్కన ఉన్న మెక్సికన్ టిఫిన్ హోటల్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం ఆదివారం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని ‘లాంటిది’ అన్న మాట కనబడిన ప్రతిచోటా గీత గీస్తూ పోతే నాలుగు పేజీలలో పంతొమ్మిది గీతలు తేలాయి. టోర్టియా మన జొన్నరొట్టె లాంటిది, సాల్సా మన రోటి పచ్చడి లాంటిది, చిలాకీలెస్ మన అటుకుల ఉప్మా లాంటిది అన్నావు. వీటన్నిటినీ ఓర్చుకున్నాను గాని, మూడో పేజీలో ‘ఈ బీన్స్ అచ్చం మన ముద్దపప్పు లాంటివే కాబట్టి శాకాహారులు నిశ్చింతగా తినవచ్చు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఈ ఉత్తరం రాయడానికి ఆ వాక్యమే కారణం.

వాళ్లు ఫ్రిహోలెస్ రెఫ్రీతోస్ అనే ఆ వంటకాన్ని సంప్రదాయంగా పంది కొవ్వుతో చేస్తారు. ఆ కొవ్వును మాంతెకా అంటారు. ఉడికిన గింజలను కరిగిన కొవ్వులో వేసి, మంట మీదే మెదుపుతూ, గింజలు ఉడికిన నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ ముద్ద చేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల నూనె వాడుతున్నారు. మీ హోటల్లో ఏది వాడుతున్నారో అడిగి ఉంటే అరనిమిషంలో చెప్పేవారు. నువ్వు అడగలేదు. ముద్దపప్పు అన్న మాట తట్టిన క్షణంలోనే ఆ పదార్థం నీకు పూర్తిగా తెలిసిపోయినట్టు అనిపించింది, ఇక అడగవలసిన అవసరమే కనబడలేదు. పోలిక మీద నాకున్న కోపమంతా ఇందుకే. అది పాఠకుడికి వస్తువును దగ్గర చేస్తుందని అందరూ అంటారు. నా అనుభవంలో మాత్రం అది ముందు రచయిత కళ్లు మూస్తుంది, ఆ తరువాత పాఠకుడి కళ్లు మూస్తుంది.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఈ ఊరికి వచ్చిన కొత్తలో నేను ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ చేసేదాన్ని. తెల్లవారి ఏడింటికి బయటపడి, పడమటి పేటలో ఆరు బల్లలున్న ఒక చిన్న హోటల్లో తిని ఇంటికి వెళ్లేదాన్ని. భాష రాదు, పేర్లు తెలియవు. మొదటి మూడు నెలలూ పక్క బల్ల మీది పళ్లెం వైపు వేలు చూపించి, గోధుమ టోర్టియాలో బంగాళాదుంప, గుడ్డు చుట్టి ఇచ్చే టాకో ఒక్కటే తిన్నాను. ఆ హోటల్ మీద నేను రాసిన మొదటి వ్యాసంలో శనివారం, ఆదివారం మాత్రమే వండే మెనూదో గురించి ఒక పేజీ ఉంది. ఆవు పొట్టను రాత్రంతా ఉడికించి, ఎండు మిరపకాయల ముద్ద, పొట్టు తీసిన లావు మొక్కజొన్న గింజలు కలిపి చేసే పులుసు అని వివరంగా రాసి పంపాను. పత్రికలో సంపాదకుడు ఆ వివరమంతా కొట్టేసి, ‘మెక్సికన్ల బోటి కూర’ అని రెండు ముక్కల్లో తేల్చేశాడు. చదివేవాళ్లకు వెంటనే అర్థం కావాలట. రెండు నెలల తరువాత ఒక పెద్దాయన నాకు ఉత్తరం రాశాడు. హ్యూస్టన్‌లో కొడుకు దగ్గరికి వచ్చినప్పుడు, నా వ్యాసం గుర్తుపెట్టుకుని, మేక బోటి అనుకుని మెనూదో తెప్పించుకుని తిన్నాడట. సగం తిన్నాక కొడుకు చెప్పాడట. ఆయన నన్ను ఒక్క మాటా తిట్టలేదు. ‘అమ్మా, తమరు ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది’ అని మాత్రం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఆ సంపాదకుడికి మళ్లీ నాలుగేళ్లు ఏమీ పంపలేదు. పంపనందుకు ఇవాళ్టికీ విచారం లేదు.

ఇక నీ చిలాకీలెస్ సంగతి. అటుకుల ఉప్మా అన్నావు. ఈసారి వెళ్లినప్పుడు వంటింటి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చూడు. నిన్న మిగిలి గట్టిపడిన మొక్కజొన్న టోర్టియాలను ముక్కోణాలుగా కోసి, నూనెలో కరకరలాడేలా వేయిస్తారు. మరొక పెనంలో సాల్సా సలసల కాగుతూ ఉంటుంది. ఎర్రదైతే టమాటా, ఎండు మిరపకాయ. ఆకుపచ్చదైతే పొరలో దాగి ఉండే తోమతీయో అనే పుల్లని కాయ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర. ముక్కలను అందులో పడేసిన దగ్గరనుంచి పళ్లెంలోకి తీసేదాకా వంటమనిషి పక్కకు తిరగదు. ఒక నిమిషం ముందు తీస్తే సాల్సా పట్టదు, ఒక నిమిషం ఆలస్యమైతే ముక్క మెత్తబడి చితికిపోతుంది. అంచు ఇంకా కరకరలాడుతూ నడుమ మాత్రం పులుపును పీల్చుకున్న ఆ ఘడియలో తీసి, పైన ఉల్లి చక్రాలు, పొడిపొడిగా రాలే తెల్ల జున్ను, కాస్త క్రీము, ఒక గుడ్డు వేస్తారు. పళ్లెం బల్ల మీదికి వచ్చాక కూడా ఆ మెత్తబడడం ఆగదు. మొదటి ముద్దకూ చివరి ముద్దకూ రుచి ఒకటి కాదు. నువ్వు ఫొటో తీయడానికి పళ్లేన్ని కిటికీ వెలుతురులోకి జరిపి, అయిదు నిమిషాలు సర్దానని రాశావు. నువ్వు తిన్నది ఆ అయిదు నిమిషాల తరువాతి చిలాకీలెస్. వంటకాన్ని ముందు కెమెరాకు పెట్టి తరువాత నోటికి పెట్టుకునే ఈ అలవాటు మన భోజన వ్యాసాలను ఎంత పాడుచేసిందో చెప్పలేను.

సాల్సా మన పచ్చడి లాంటిదని రాసేముందు, మిరపకాయ ఎవరిదో ఒక్కసారి తలచుకోవలసింది. అది మెక్సికో గడ్డ మీద వేల ఏళ్లుగా సాగులో ఉన్న పంట. పోర్చుగీసుల ఓడల్లో పదహారో శతాబ్దంలో మన తీరానికి చేరింది. అంతకు ముందు మన వంటింట్లో కారం అంటే ముఖ్యంగా మిరియమే. మిరప అన్న పేరులోనే మిరియం వినిపిస్తుంది. టమాటా, మొక్కజొన్న, జామ, బొప్పాయి, సీతాఫలం కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఎవరు ఎవరి లాంటివారో చెప్పవలసి వస్తే, గుంటూరు కారం వాళ్లకు బంధువు అవుతుంది గాని వాళ్ల సాల్సా మనకు నకలు కాదు.

నీ వ్యాసంలో నన్ను కదిలించిన వాక్యం ఒకటుంది. ‘ఆమె పెనం మీది టోర్టియాను వేళ్ల కొసలతోనే తిప్పుతోంది, ఆ వేళ్ల మీద ఇంకా గీతలు మిగిలి ఉన్నాయా అని నాకు అనుమానం వచ్చింది.’ ఆ వాక్యంలో ‘లాంటిది’ లేదు. అక్కడ నువ్వు నిజంగా చూశావు. కాని మరుసటి వాక్యంలోనే ఆమెను వదిలేసి, మీ అమ్మమ్మ వంటింటికి వెళ్లిపోయావు, పేజీన్నర దాకా తిరిగి రాలేదు. మీ అమ్మమ్మ గారి మీద నాకు ఎంతో గౌరవం. ఆవిడ గురించి వేరే వ్యాసం రాయి. భోజనం మీద ఏం రాసినా అమ్మమ్మతోనే మొదలుపెట్టాలన్న ఆచారం ఈ పదేళ్లలో ఎవరు తెచ్చారో గాని, దానివల్ల మన ఎదుట నిలబడి వండుతున్న మనిషి కనబడకుండా పోతోంది.

ఆమెను అడగవలసిన ప్రశ్నలు ఎన్ని ఉన్నాయో చూడు. అవి గోధుమ టోర్టియాలా, మొక్కజొన్నవా? గోధుమ ఆ దేశానికి స్పానిష్ వారితో వచ్చింది, ఉత్తర మెక్సికోలో బాగా పాతుకుంది. అందుకే మన టెక్సస్ హోటళ్లలో అది ఎక్కువ. మొక్కజొన్న అయితే సంచుల్లో వచ్చే పొడి పిండా, వాళ్లే నిష్తమాల్ చేసుకుంటారా? నిష్తమాల్ అంటే గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున కడిగి రుబ్బడం. అలా చేస్తే పొట్టు ఊడిపోతుంది, పిండికి జిగి వస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా గింజలో బిగిసి ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతుంది. ఐరోపావారు మొక్కజొన్నను తీసుకుపోయారు గాని సున్నాన్ని తీసుకుపోలేదు; ఇటలీలోనూ స్పెయిన్‌లోనూ, ఆ తరువాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనూ పేదలు నియాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా అనే జబ్బుతో చర్మం పగిలి, మతి చెడి, వేలమంది చనిపోయారు. ఇదే జబ్బు మన దక్కన్‌లో జొన్న మీదే బతికే పేదలలోనూ ఉండేది. హైదరాబాదులో, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలిచే పరిశోధనశాలలో సి. గోపాలన్ బృందం 1960 ప్రాంతంలో దానిని పరిశోధించింది. ల్యాబ్‌లో పనిచేసినదాన్ని కనుక నాకు ఈ సంగతి తెలిసిన నాటినుంచి ఆ పిండి ముద్దను చూసినప్పుడల్లా చేతులు జోడించాలనిపిస్తుంది. నువ్వు దాన్ని జొన్నరొట్టె లాంటిదన్నావు, అమ్మాయీ. జొన్నరొట్టెకు సున్నం లేదు.

హోటల్ మధ్యాహ్నం రెండింటికే ఎందుకు మూసేస్తారని నీ వ్యాసంలో ఆశ్చర్యపడ్డావు. మెక్సికోలో పొద్దున్నే కాఫీ, తీపి బన్నుతో సరిపెట్టేది దెసాయూనో. పది పదకొండు గంటలకు పని మధ్యలో కడుపునిండా తినేది చాలా ప్రాంతాలలో అల్మ్వెర్సో. మీ హోటల్ ఆ రెండింటి కోసమే ఉంది. నువ్వు వెళ్లింది ఆదివారం పన్నెండున్నరకు. అప్పటికి మెనూదో కుండ అడుగంటి ఉంటుంది, దాల్చినచెక్క, బెల్లం వేసి మట్టికుండలో కాచే కాఫీ కూడా అయిపోయి ఉంటుంది.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. వాటికి ఇప్పుడు జవాబు రాయను.

వచ్చే శనివారం పొద్దున ఆరింటికి వెళ్లు. పని ముగించుకుని వచ్చేవాళ్లూ, పనికి పోయేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కలుసుకునే వేళ అది. బీన్స్‌లో వేసేది నూనెనా, మాంతెకానా మర్యాదగా అడుగు. రద్దీ తగ్గాక, ఆమెకు వీలైతే, పెనం దగ్గర ఎన్నేళ్లుగా నిలబడుతోందో అడుగు. ఆ వేళ్లను మళ్లీ చూడు. అమ్మమ్మ వచ్చే పేజీన్నర తీసేసి, ఆ ఖాళీలో ఈమె చెప్పినది రాసి నాకు పంపు.

నీ శ్రేయస్సు కోరే
పెద్దమ్మ