లాబ్రడార్‌ను పెంచుకుంటున్న రమ్యకు

చి. రమ్యకు ఆశీస్సులు.

మీ లాబ్రడార్‌కి ఏడాది నిండింది కదా, ఇక దాని ఆయుష్షు చాలావరకు గిన్నెలో పడే కొలతను బట్టే ఉంటుంది. అమెరికాలో 48 లాబ్రడార్లను పిల్లలప్పటి నుంచి చివరిదాకా గమనించారు. వాటిని జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవి సుమారు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బూ వాటికి ఆలస్యంగా వచ్చింది. ఆ వివరాలు 2002లో అచ్చయ్యాయి. ఈ జాతికి ఎంత తిన్నా ఆకలే. అడిగిందని పెట్టకు.

గ్లాసుతో కొలిస్తే రోజుకో రకంగా పడుతుంది. కాటా మీద గ్రాముల్లో తూచి రెండు పూటలా పెట్టు. బిస్కెట్లు, పెరుగన్నం, మీ అత్తయ్య ప్రేమగా వేసే చపాతీ ముక్క అన్నీ కలిపినా రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. వారానికోసారి బొటనవేళ్లు వెన్ను మీద ఆనించి, మిగతా వేళ్లతో పక్కటెముకలు తడిమి చూడు. నొక్కకుండానే చేతికి తగలాలి. వెతుక్కోవాల్సి వస్తే కొవ్వు పట్టిందన్నమాట.

ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, పరమాన్నంలోని ఎండుద్రాక్ష, చాక్లెట్ దానికి విషం. జ్వరమొస్తే ఇంట్లో ఉన్న పారాసెటమాల్ అసలు వేయకు.

మన వాతావరణంలో పిడుదులతో మహా జాగ్రత్త. రోజూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో, కాలరు కింద వెతుకు. కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగు. చేత్తో నలపకు, కిరోసిన్ పోయకు. అవి గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి కాబట్టి కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్లీ ఎక్కుతాయి. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా ఆ రోజే రక్తపరీక్ష చేయించు. పిడుదుల జ్వరమని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు సాధారణంగా 28 రోజులు వాడమంటారు. నాలుగు రోజులకే హుషారుగా తిరుగుతోందని మధ్యలో ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

ఆడకుక్క కాబట్టి గర్భసంచి ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరుగారిని అడుగు. చేయించకపోతే వయసు మళ్లాక గర్భసంచికి చీము పట్టే ప్రమాదం ఉంది. రేబిస్ టీకా ఏటా మరిచిపోకు.

దాని బరువు, మేత ప్యాకెట్ మీద రాసిన కొలత నాకు పంపు. ఎంత తగ్గించాలో చూసి చెప్తాను.

ఇట్లు,
పెదనాన్న