స్లింగ్ కొనబోయే ముందు మా అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమందరం క్షేమం. నీవు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నుంచి యాభై మీటర్ల రైఫిల్‌కు మారుతున్నావని, క్లబ్బువారు తమ పాయింట్ టూటూ (.22 క్యాలిబర్) రైఫిల్‌తో సాధన చేసుకోనిస్తామన్నారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తరువాత ఆ రైఫిల్ పట్టబోయేది నీవేనని వచ్చినవారికీ పోయినవారికీ చెప్పుకుని మురిసిపోతున్నాను. అయితే ఆ వెంటనే, నీవు కొనాలని చూసిపెట్టుకున్న స్లింగ్ ఫోటో కూడా వాడే పంపాడు. రెండు కొసలకూ కొక్కేలు, మధ్యలో మెత్తటి స్పాంజి దిండు, లాగితే సాగే నైలాన్ పట్టీ. చూడడానికి ముచ్చటగానే ఉంది కాని నీకు ఏమాత్రం పనికిరాదు. ఫోను చేస్తే కోప్పడతానేమోనని కూర్చుని రాస్తున్నాను.

స్లింగ్ అనగానే ఎవరికైనా మనసులో మెదిలేది భుజాన వేలాడే పట్టీయే. సైన్యంలో మా 7.62 ఎస్.ఎల్.ఆర్. రైఫిల్‌కు ఉన్నది అదే. ముందొక చోట, వెనక భుజానికి ఆనే బట్ దగ్గర ఒక చోట తగిలించి మైళ్ల కొద్దీ నడిచేవారికి అది కావాలి. అది వెడల్పుగా, మెత్తగా, భుజం కోయకుండా ఉంటే చాలు. ఒకే చోట తగిలించి మెడ మీదుగా వేసుకునే రకం మరొకటి ఉంది. బండ్లు ఎక్కి దిగుతూ ఇరుకు చోట్ల పని చేసేవారికి, రైఫిల్ వదిలితే ఛాతీ ముందే వేలాడడానికి. ఈ రెండూ మోతకు పుట్టినవి. అమెరికా సైన్యం 1907లో తెచ్చిన తోలు స్లింగ్ రెండు పనులకూ పనికివచ్చేది. భుజానికి వేసుకోవచ్చు, కావాలంటే దాని ముందు భాగాన్ని ఉచ్చులా చేసి జబ్బకు బిగించుకుని గురి చూడవచ్చు. నీవు రైఫిల్‌ను మోసేది పెట్టెలో. కనుక నీకు కావలసింది గురికి మాత్రమే ఉపయోగపడే చేతి స్లింగ్: జబ్బకు చుట్టుకునే వెడల్పాటి పట్టా ఒకటి, అక్కడి నుంచి రైఫిల్ ముందు భాగంలో హ్యాండ్ స్టాప్ (చేయి ముందుకు జారకుండా ఆపే దిమ్మ) దగ్గరి స్వివెల్‌కు, అంటే తిరిగే కొండీకి, వెళ్లే పట్టీ ఒకటి, అంతే.

నిబంధనల సంగతి క్లుప్తంగా చెబుతాను. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐ.ఎస్.ఎస్.ఎఫ్. లెక్క ప్రకారం పట్టీ వెడల్పు 40 మిల్లీమీటర్లు దాటకూడదు. జబ్బ మీద మాత్రమే ఉండాలి, రైఫిల్ ముందు భాగానికి ఒకే చోట తగలాలి, చేతికి గాని మణికట్టుకు గాని ఒక పక్క నుంచే పోవాలి. నిలబడి కాల్చేటప్పుడు స్లింగ్ నిషిద్ధం. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అంతా నిలబడి కాల్చేదే. అందుకే 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ పది మీటర్లలో కాంస్యం గెలిచినప్పుడు అతని చేతికి ఈ పట్టీ లేదు. నీకు ఇంతకాలం దీనితో పని పడకపోవడానికీ కారణం అదే. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సిఫ్ట్ కౌర్ సమ్రా 469.6 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచిన మూడు పొజిషన్ల పోటీలో మాత్రం మోకాలి మీద, పడుకుని కాల్చే వంతుల్లో స్లింగ్ లేనిదే పని జరగదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్లింగ్ పని రైఫిల్‌ను గట్టిగా పట్టుకోవడం కాదు, నీ ఎడమ చేతి కండరాలకు సెలవు ఇవ్వడం. రైఫిల్ బరువు అరచేతి నుంచి ముంజేతి ఎముక మీదుగా మోచేతికి, నేలకు దిగిపోవాలి. ఆ చేయి ముందుకు జారిపోకుండా పట్టీ వెనక్కి పట్టి ఉంచాలి. సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే గురి చూసిన భంగిమలోనే ఎడమ చేతి వేళ్లు పూర్తిగా వదులు చెయ్యి. రైఫిల్ ఉన్న చోటే ఉంటే సరే, ముక్కు వంగితే పట్టీ పొడవు ఎక్కువైంది. ఈ సాధన చేసేటప్పుడు బోల్టు తెరిచి, గొట్టం ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి ఉండాలని నీకు వేరే చెప్పనక్కరలేదనుకుంటాను, అయినా చెబుతున్నాను.

మా రెజిమెంట్ జట్టులో విజయనగరం వైపు కుర్రవాడు ఒకడుండేవాడు. ప్రోన్‌లో, అంటే పడుకుని కాల్చడంలో, వాడిని మించినవాడు లేడు. ఒక సీనియర్ వదిలేసిన తోలు స్లింగ్ వాడేవాడు. దాని చిల్లులు ఏళ్ల తరబడి వాడకానికి కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి ఉండేవి. ఒక వర్షాకాలం పోటీలో చెమ్మకు ఆ తోలు ఇంకా సాగింది. గుండ్లు ఒక్కొక్కటే ఆరు గంటల వైపుకు, అంటే టార్గెట్ మీద కిందికి, జారడం మొదలైంది. అప్పుడు లేచి, స్లింగ్ విప్పి, మళ్లీ మొదటి నుంచి భంగిమ కుదుర్చుకుని ఉంటే రెండు మూడు నిమిషాల పని. వాడు అలా చేయలేదు. పడుకునే ఉండి, ఇంకో చిల్లు ముందుకు బిగించి, పట్టా జారకుండా ఉండడానికి దానిని జబ్బ నడుమకు, కండ మీదికి నెట్టుకున్నాడు. గుండ్లు మళ్లీ నడిమి పది పాయింట్ల వలయంలోకి వచ్చాయి. దానితో వాడికి ధైర్యం వచ్చింది. వేళ్లు మొద్దుబారుతున్నా, చల్లబడుతున్నా, అరవై గుండ్లూ పూర్తయ్యేదాకా కదలలేదు. లేచి రైఫిల్ పక్కన పెట్టాక వాడి చేయి నేరేడుపండు రంగులో ఉంది. టీ గ్లాసు అందిస్తే మణికట్టు పైకి లేవలేదు. చేయి మణికట్టు దగ్గర విరిగినట్టు వాలిపోయి, గ్లాసు నేల మీద పడింది. జబ్బ ఎముకను చుట్టుకుని వెళ్లే నరం పట్టా కింద నలిగిపోయిందని డాక్టరు చెప్పాడు. నయమైంది కాని కొన్ని వారాలు పట్టింది, ఆ ఏడాది పోటీలన్నీ పోయాయి.

ఆ చేతి కన్నా వాడు నోరు విప్పకపోవడమే నన్ను ఇన్నేళ్లుగా భయపెడుతోంది. నొప్పి చెప్పుకుంటే చులకనైపోతామనుకున్నాడు పాపం. నీవూ ఆ బాపతే. మామిడి చెట్టు మీద నుంచి పడి చేయి విరిగితే, అమ్మ తిడుతుందని సాయంత్రం దాకా ఓణీ కింద దాచుకుని తిరిగిన పిల్లవు. విరిగింది ఎడమ చేయే, తల్లీ. కనుక నీ కోచ్‌కు అప్పుడు చేయి విరిగిన సంగతి ముందే చెప్పు. వేళ్లు మొద్దుబారిన క్షణంలో, స్కోరు ఎంత బాగున్నా సరే, స్లింగ్ విప్పెయ్యి.

పట్టా ఎక్కడ ఉండాలంటే, జబ్బ పైభాగాన, భుజానికి దగ్గరగా. జబ్బ లోపలి వైపున పెద్ద రక్తనాళం ఉంటుంది; పట్టా దానిని నొక్కితే నీ గుండె కొట్టుకున్నప్పుడల్లా గురి చూసే సైటులోని వలయం లయగా పైకీ కిందికీ ఊగుతుంది. ఊపిరి బిగపట్టినా ఆ ఊగడం ఆగదు, పట్టా స్థానం మార్చవలసిందే. పట్టీ జబ్బ వెలుపలి వైపు నుంచి బయలుదేరేలా చూసుకో. షూటింగ్ జాకెట్ చేతి మీద పట్టా జారకుండా ఆపే కొక్కెం ఉంటుంది, దానిని తప్పక వాడు.

తోలు వద్దు. మా కాలంలో మరో దారి లేక వాడాము. మన ఊళ్ల ఉక్కపోతలో, వానల్లో, చెమటలో సాగని సింథటిక్ పట్టీ తీసుకో. చిల్లులకు అంకెలు వేసి ఉన్నదైతే మంచిది. ప్రోన్‌కు ఎంత, నీలింగ్‌కు (మోకాలి మీద కాల్చడానికి) ఎంత అన్నది నోటు పుస్తకంలో వేరువేరుగా రాసుకోవాలి, రెండింటి పొడవూ ఒకటి కాదు. ఒక చేత్తో విప్పగలిగే కొక్కెం ఉండాలి. క్లబ్బు రైఫిల్ హ్యాండ్ స్టాప్‌లో ఆ కొక్కెం పడుతుందో లేదో పెట్టి చూడకుండా డబ్బు కట్టవద్దు. కుడిచేతివాటం వారికీ ఎడమచేతివాటం వారికీ స్లింగులు వేరువేరుగా దొరుకుతాయి. నీది కుడిచేతివాటం, పట్టా వచ్చేది ఎడమ జబ్బకు, ఆర్డరు పెట్టేటప్పుడు తికమక పడకు.

ఆ ఫోటోలోది ఆర్డరు పెట్టేసి ఉంటే వాపసు చెయ్యి. సరైనదానికి డబ్బు నేను పంపుతాను, మీ నాన్నను అడగవద్దు. జాకెట్ వేసుకుని, భుజానికి నాలుగు వేళ్ల కింద, టేపుతో జబ్బ చుట్టుకొలత కొలిపించుకుని అంకె రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న