బొట్టు పెట్టి వెళ్ళిపోయే ప్రొటీన్లు

మత్తికెరె, బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కణంలో ఒక ప్రొటీన్ ఇంకోదాన్ని పట్టుకుని అంతలోనే వదిలేస్తుందన్న సంగతిని తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. కానీ ‘బలహీనమైన బంధం’ అని పేరాపేరాకీ రాశావు. చదివేవాళ్ళకి అదేదో జబ్బులా వినిపిస్తుంది. అది లోపం కాదమ్మా. వదిలేయడం కూడా దాని పనిలో భాగమే.

పేరంటానికి పిలవడానికి వెళ్ళినావిడ గుమ్మంలోనే బొట్టు పెట్టి, ‘తప్పకుండా రండి’ అని పక్కింటికి వెళ్ళిపోతుంది. మొదటి ఇంట్లోనే కాఫీ తాగుతూ కూర్చుంటే వీధి చివరికి కబురు అందదు. కణం మీద గ్రోత్ ఫ్యాక్టర్ (కణాన్ని పెరగమని చెప్పే ప్రొటీన్) వాలినప్పుడు, దాన్ని అందుకునే రిసెప్టర్‌కి కణం లోపలివైపున్న టైరోసిన్లనే అమైనో ఆమ్లాలకి ఫాస్ఫేట్ చేరుతుంది. అదీ బొట్టు లాంటిదే. కొన్ని ప్రొటీన్లలో ఉండే, దాన్ని చూసి పట్టుకునే ఎస్‌హెచ్‌2 అనే భాగం చాలాసార్లు సెకన్లలోనే వదిలేస్తుంది. 2012లో పరిశోధకులు ఎస్‌హెచ్‌2లో మూడు అమైనో ఆమ్లాలు మార్చి ఆ పట్టును బాగా బిగించారు. దాన్ని కణాల్లో పెడితే సంకేతం పెరగలేదు, అణిగిపోయింది. బొట్టున్న చోటల్లా అదే కూర్చుంటే మిగతా ప్రొటీన్లకి చోటేది? నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి. నువ్వేమో చివర్లో ఒక్క వాక్యంతో దాటేశావు.

ఇంకో మాట. నేను మీ ల్యాబ్‌కి వచ్చిన రోజు గుర్తుందా? నాలుగు డిగ్రీల కోల్డ్ రూమ్‌లో స్వెటర్ వేసుకుని, ట్యూబ్ అడుగున, నీ ప్రొటీన్‌ని పట్టి ఉంచే చిటికెడు తెల్లటి బీడ్స్‌ని ఒకసారి, రెండోసారి, మూడోసారి కడిగావు. మర్నాడు, ఏ ప్రొటీన్ మిగిలిందో గీతల్లా చూపించే బ్లాట్‌లో, దానితో కలుస్తుందని నువ్వు వెతికే రెండో ప్రొటీన్ గీత (బ్యాండ్) లేదు. ‘ఇవి రెండూ అసలు కలవవేమో మాస్టారూ’ అని ఫోన్‌లో నువ్వంటే నాకూ దిగులేసింది. కలవలేదో, కలిసి కడుగుళ్ళలో కొట్టుకుపోయాయో ఆ బ్లాట్ చెప్పలేదు. ఈ రంగంలో అసలు కష్టమంతా అక్కడే ఉంది. మరి ఆ ఖాళీ బ్లాట్ వ్యాసంలో ఎందుకు లేదు?

అది రాస్తేనే బయోఐడీ అనే పద్ధతి ఎందుకు కావాల్సి వచ్చిందో పాఠకుడికి అర్థమవుతుంది. ప్రొటీన్‌కి ఒక ఎంజైమ్ తగిలిస్తే, సుమారు పది నానోమీటర్ల దూరంలోకి వచ్చినవాటికి అది బయోటిన్ అనే చిన్న అణువును గుర్తుగా అంటిస్తుంది. వచ్చినది వెళ్ళిపోయినా గుర్తు మిగిలే ఉంటుంది. ఇక ఎంత గట్టిగా కడిగినా భయం లేదు, వాటిని పట్టడానికి వాడే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్‌ను వదలదు. 2012 నాటి బయోఐడీకి దాదాపు ఒక రోజు పట్టేది. 2018లో వచ్చిన టర్బోఐడీకి పది నిమిషాలు చాలు. సెకన్ల బంధానికి పది నిమిషాలూ ఎక్కువే, ఆ మాటా రాయి. గుర్తు పడినవన్నీ ‘తాకినవి’ అని మాత్రం రాయకు. పక్కనుంచి పోయినవాటికీ గుర్తు పడుతుంది.

యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాసిన పేరా తీసెయ్. ఆయన మీద నాకూ గౌరవమే, కానీ అది వేరే వ్యాసం. టైరోసిన్లకి చేరే ఆ ఫాస్ఫేట్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి వస్తుందని చెప్పే చోట, 1929లో ఫిస్కేతో కలిసి ఏటీపీని కండరంలో గుర్తించినవాళ్ళలో ఆయన ఒకరని ఒక్క వాక్యం చాలు.

మూడో కడుగుడు నీళ్ళు పారబోశావా, దాచావా? దాచి ఉంటే వాటిని కూడా బ్లాట్ చేసి చూడు. ఏం కనిపించిందో రాసి ఆదివారం తీసుకురా, కూర్చుని చదువుదాం.

మీ మాస్టారు