మీ ప్రశ్న – మా జవాబు: డిస్క్ చదివే కన్ను పడే పాట్లు

ప్రశ్న: లేజర్ చుక్క ఎంత చిన్నదైతే డిస్క్‌లో అంత ఎక్కువ డేటా పడుతుంది కదా! బ్లూరేకి వాడిన 0.85 లెన్స్‌ను సీడీల కాలంలోనే ఎందుకు వాడలేదు?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: లేజర్ తరంగదైర్ఘ్యాన్ని లెన్స్ న్యూమరికల్ అపర్చర్‌తో (లెన్స్ కాంతిని ఎంత వెడల్పు కోణంలో కుదిస్తుందో చెప్పే అంకె; మీరన్న 0.85 ఇదే) భాగిస్తే ఎంత వస్తుందో, చుక్క వ్యాసం ఆ దామాషాలో ఉంటుంది. సీడీకి 780 నానోమీటర్లు, 0.45. డీవీడీకి 650, 0.60. బ్లూరేకి 405, 0.85. డీవీడీ నుంచి బ్లూరేకి వచ్చేసరికి చుక్క వ్యాసం 2.27వ వంతుకు తగ్గింది. అంటే వైశాల్యం ఐదో వంతుకు పడిపోయింది. 4.7 జీబీని 2.27 వర్గంతో గుణించి చూడండి, 24 దాటుతుంది. బ్లూరే ఒక పొరలో పట్టేది 25. కెపాసిటీ పెరిగిందంతా దాదాపుగా ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

అయితే అది ఊరికే రాలేదు. ఫోకస్ లోతు, అంటే డిస్క్ ముందుకూ వెనక్కూ కదిలినా చుక్క చెదరని దూరం, అపర్చర్ వర్గానికి విలోమంగా తగ్గుతుంది. సీడీకి సుమారు 1.9 మైక్రాన్ల వెసులుబాటు ఉంటే బ్లూరేకి 0.28 మైక్రాన్లే. అంతకన్నా పెద్ద తంటా వాలుతో వస్తుంది. డిస్క్ కాస్త వాలిందంటే గుండ్రని చుక్కకు తోకచుక్కలాగా తోక మొలుస్తుంది. దీన్నే కోమా అంటారు. అపర్చర్ ఘనంతోనూ, డేటా పొర మీదున్న ప్లాస్టిక్ మందంతోనూ ఈ తోక పెరుగుతుంది. 0.45 నుంచి 0.85కి వెళ్తే ఘనం ఒక్కటే 6.7 రెట్లు. సీడీకున్న 1.2 మి.మీ. మందం అలాగే ఉంచి ఈ లెన్స్ వాడితే ఎండకు కొద్దిగా వంగిన డిస్క్‌ను కూడా చదవలేం. అందుకే బ్లూరేలో ఆ మందాన్ని 0.1 మి.మీ.కి దించారు. పైగా సీడీల కాలంలో చవగ్గా, నమ్మకంగా దొరికిన లేజర్ 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌దే. నీలి లేజర్ అప్పటికి లేదు.

మందం తగ్గించడంతో మరో చిక్కు వచ్చింది. సీడీ ఉపరితలాన్ని తాకేచోట కిరణం వెడల్పు 0.7 మి.మీ. పైనే. చిన్న దుమ్ము రేణువు దానికి అడ్డే కాదు. బ్లూరేలో ఆ వెడల్పు 0.13 మి.మీ. మాత్రమే కాబట్టి వేలిముద్ర కూడా గండమే. గట్టి పూత వేయక తప్పలేదు. బ్లూరేకి పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీ వాళ్లు ఇక్కడే మరో దారి పట్టారు. అదే 405 లేజర్, కానీ 0.65 లెన్స్, 0.6 మి.మీ. మందం. పాత డీవీడీ అచ్చు యంత్రాలు కొద్ది మార్పులతో పనికొచ్చాయి గానీ పొరకు 15 జీబీ దగ్గర ఆగిపోయారు. 2008 ఫిబ్రవరిలో తోషిబా దాన్ని వదిలేసినా, ఇంజనీరింగ్‌పరంగా అది తప్పు లెక్క కాదనే మా అభిప్రాయం.

ప్రశ్న: పాత పెళ్లి సీడీలు 52ఎక్స్ డ్రైవ్‌లో పెడితే హోరెత్తి ఆగిపోతోంది. మూలన పడేసిన పాత స్లో డ్రైవ్ మాత్రం చదువుతోంది. ఇదేం వింత?
– ఫొటో స్టూడియో యజమాని, ప్రొద్దుటూరు

జవాబు: వింతేమీ లేదు. 52ఎక్స్ అన్నది డిస్క్ వెలుపలి అంచు దగ్గర మాత్రమే వచ్చే వేగం. లోపలి ట్రాకుల దగ్గర అది 22 చుట్టూ ఉంటుంది. ఆ మాత్రానికే డిస్క్ నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరగాలి. 1ఎక్స్‌లో, అంటే పాటల సీడీ మామూలు వేగంలో, తిరిగేది 200 నుంచి 500 చుట్లే. మధ్య రంధ్రం 50 మైక్రాన్లు పక్కకు ఉందనుకోండి. ట్రాకుల మధ్య దూరం 1.6 మైక్రాన్లు కాబట్టి లెన్స్ ప్రతి చుట్టుకూ 30 ట్రాకుల మేర అటూ ఇటూ ఊగాలి. దానికి కావలసిన త్వరణం వేగం వర్గంతో పెరుగుతుంది. 500 నుంచి 10,000 చుట్లకు పోతే 400 రెట్లు!

ఆ ఊపును అందుకోవడానికి సర్వో (లెన్స్‌ను ట్రాకు మీదే నిలిపే వ్యవస్థ) గెయిన్, అంటే అది స్పందించే తీవ్రత, పెంచుతారు. గెయిన్ పెరిగిన సర్వో గీత కనబడగానే దాన్నే ట్రాకు అనుకుని దాని వెంట పోతుంది, ట్రాకు తప్పుతుంది. గెయిన్ తగ్గిస్తే గీత మీంచి నిబ్బరంగా దాటిపోతుంది, కానీ అదురును తట్టుకోలేదు. రెండూ ఒకేసారి కుదరవు. మీ పాత డ్రైవ్ ఈ రెండో రకం.

మీరు చేయాల్సింది: డ్రైవ్ వేగం తగ్గించే సాఫ్ట్‌వేర్‌తో 4 లేదా 8ఎక్స్‌కు కట్టేయండి. తడిపి పిండిన మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. సీడీలోని తప్పుల దిద్దుబాటు ట్రాకు వెంబడి సుమారు 2.5 మి.మీ. ఖాళీని పూడ్చగలదు. అడ్డగీత ఆ లోపే పోతుంది, ట్రాకు వెంబడి పడిన గీత ఆ హద్దు దాటేస్తుంది. తర్వాత డీడీరెస్క్యూ వంటి ప్రోగ్రాంతో హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోండి. అది బాగున్న భాగం ముందు లాగి, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది. డిస్క్‌ను ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుంటే లేబుల్ వైపు చిల్లులు కనిపిస్తున్నాయా? సీడీలో డేటా ఉన్న లోహపు పొర లేబుల్ కిందే ఉంటుంది. అక్కడ పోయింది ఇక పోయినట్టే.

ప్రశ్న: సీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునే సీడీ) మా పాత ప్లేయర్‌లో పాడటం లేదు.
– పాఠకుడు, ఆదోని

జవాబు: అచ్చు సీడీ కనీసం 70 శాతం కాంతిని వెనక్కి పంపుతుంది. ఆర్‌డబ్ల్యూ పంపేది 15 నుంచి 25 శాతమే. పాత ప్లేయర్ ఆంప్లిఫయర్‌కు ఆ బలహీన సిగ్నల్ చాలదు. సీడీ-ఆర్‌లో (ఒక్కసారే రాయగల సీడీ) కాపీ చేసుకోండి.

ప్రశ్న: షాపు పక్కనే బండల పాలిష్ ఫ్యాక్టరీ. ప్లేయర్లలో 'లెన్స్ వీక్' కేసులు ఎక్కువ. ప్రీసెట్ (లేజర్ వెలుగును సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్) తిప్పితే కొన్నాళ్లు ఆడి మళ్లీ పోతున్నాయి.
– మెకానిక్, తాడిపత్రి

జవాబు: ముందు తిప్పకండి, తుడవండి. ఇయర్‌బడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, నొక్కకుండా, ఒక్క దిశలో. లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది, నొక్కితే అవి వంగుతాయి. అసిటోన్ ప్లాస్టిక్ లెన్స్‌ను తినేస్తుంది. రాతి పొడి లెన్స్ కిందున్న అద్దం మీద కూడా పేరుకుంటుంది. పైన మెరుస్తున్నా సిగ్నల్ తక్కువగా ఉంటే అనుమానం అక్కడికి పోవాలి.

ప్రీసెట్ సంగతి. లేజర్ డయోడ్ పక్కనున్న ఫొటోడయోడ్ వెలుగును కొలుస్తూ, తగ్గితే కరెంటు పెంచుతూ ఉంటుంది. ముసలి డయోడ్‌కు ఆ కరెంటు ముందే పెరిగి ఉంటుంది. ఎండాకాలం 42 డిగ్రీల్లో, మూసిన పెట్టెలో, ఇంకా పెరుగుతుంది. ప్రీసెట్ తిప్పి ఎక్కువ వెలుగు అడిగితే డయోడ్ ముఖం దెబ్బతింటుంది. తప్పదనుకుంటే పాత స్థానానికి గుర్తు పెట్టుకుని 5–10 డిగ్రీలకు మించకండి, అది తాత్కాలికమని కస్టమర్‌కు ముందే చెప్పండి.

కొత్త పికప్ (లేజర్, లెన్స్ కలిసి ఉండే భాగం) వేసేటప్పుడు కేఎస్‌ఎస్-213సీ వంటి వాటిలో స్టాటిక్ కరెంటు నుంచి కాపాడే టంకం చుక్క ఒకటి ఉంటుంది. ముందు రిబ్బన్ కేబుల్ పెట్టాలి, ఆ తర్వాతే టంకం తీయాలి. తీయడం మరిచిపోతే లేజర్ వెలగదు. కొత్త పీసే చెడ్డదని వెనక్కి పంపేముందు అది చూడండి.