అక్టోబరులో అందవలసిన డబ్బు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

దక్షిణ మలావీలో యువ రైతుల కోసం ఏర్పాటైన పెట్టుబడి నిధిని చూసే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా సంతోషించాను. కంది విత్తనం పనిమీద ఆ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి కనుక, నువ్వు బయలుదేరేలోగా కొన్ని సంగతులు చెప్పాలనిపించి రాస్తున్నాను.

అక్కడి యువతకు సేద్యమంటే చిన్నచూపని, ముందు వాళ్ల మనసు మార్చాలని నీకు చాలామంది చెబుతారు. ఆ మాట నమ్మవద్దు. 2014లో ఆఫ్రికా దేశాధినేతలు మలాబో ప్రకటనలో, కనీసం 30 శాతం యువతకు వ్యవసాయ రంగంలో ఉపాధి అవకాశాలు కల్పిస్తామని మాట ఇచ్చారు. ఆ తరువాత నేను చూసిన ఒక పథకంలో డబ్బంతా శిక్షణ తరగతులకే ఖర్చయింది. వారం రోజులు పాఠాలు చెప్పి, టోపీ, ధ్రువపత్రం చేతిలో పెట్టి పంపారు. మరుసటి జనవరిలో ఆ కుర్రాళ్లలో చాలామంది పరుల పొలాల్లో గన్యు, అంటే కూలి పని, చేస్తూ కనిపించారు. ఇంట్లో మొక్కజొన్న నిండుకోవడంతో, సరిగ్గా కలుపు తీయవలసిన వారాల్లో సొంత చేనును గడ్డికి వదిలేసి, ఆ పూట తిండికోసం ఇంకొకరి కలుపు తీస్తున్నారు. వాళ్లకు లేనిది చదువు కాదు, తిండి గింజలు నిండుకునే ఆ రెండు నెలలు గడిచే దారి.

కాబట్టి మొదట డబ్బు ఏ నెలలో చేరాలో చూడు. వానలు నవంబరులో మొదలవుతాయి గనుక విత్తనానికీ ఎరువుకూ అక్టోబరులోనే అందాలి. జనవరిలో మరికొంత, కేవలం ఇల్లు గడవడానికి, ఇవ్వాలి. మొక్కజొన్నలో కలిపి వేసిన కంది, మొక్కజొన్న కోతలు ముగిసిన తరువాత, జూలై మొదలు సెప్టెంబరు దాకా చేతికి వస్తుంది. అప్పు తిరిగి కట్టే వాయిదా ఆ తరువాతే పెట్టు. అప్పు డాలర్లలో కాక, అక్కడి నాణెమైన క్వాచాల్లోనే ఇవ్వు. 2023 నవంబరులో డాలరు ధర ఒక్కసారిగా సుమారు 1,180 క్వాచాల నుంచి 1,700కు పెరిగింది. అంత బరువు పల్లె కుర్రాడి మీద పడకూడదు.

భూమి విషయంలో తొందరపడవద్దు. అక్కడ చాలాచోట్ల భూమి తల్లి వైపునుంచి వస్తుంది, భర్త భార్య ఊరికి కాపురానికి వెళ్తాడు. ఒప్పందం మీద భర్త సంతకం మాత్రమే తీసుకుంటే అది నిలవదు. భార్యనూ, ఆమె మేనమామనూ కూర్చోబెట్టి మాట్లాడు. అక్కడ కూడా మేనమామ మాటకు విలువ ఉంది.

భూమి లేనివాళ్లకు కోత తరువాతి పనుల్లో చోటుంది. నిధిలో పెద్ద భాగం అక్కడే పెట్టమని నా గట్టి అభిప్రాయం. వేరుశనగ కాయలను చేత్తో ఒలవడం కష్టమని ఆడవాళ్లు నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. ఆ తడికి బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, మంచి ధర ఇచ్చే కొనుగోలుదారు ఆ సరుకు ముట్టడు. ఇద్దరు యువకులకు ఒక ఒలిచే యంత్రం అప్పుగా ఇస్తే, ఊరూరా తిరిగి బస్తాకింత అని తీసుకుని పొడిగా ఒలిచి పెడతారు. అప్పు తీరుతుంది, సరుకూ నిలుస్తుంది.

ఇంకొకటి, నా మనసును ఇప్పటికీ తొలిచేది. 2017 ఆగస్టులో మన దేశం కంది దిగుమతికి ఏటా 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. అంతకు ముందటి సీజనులో ఇక్కడ కంది విరగపండి మన రైతుకు ధర పడిపోయింది గనుక ఆ నిర్ణయానికి కారణం లేకపోలేదు. కానీ ఆ సెప్టెంబరులో దక్షిణ మలావీలోని థ్యోలో జిల్లాలో ఒక యువతి ఇంటికి వెళ్తే, ఉన్న ఒక్క గదిలో కంది బస్తాలు గోడ వారగా పేర్చి ఉన్నాయి, పిల్లలు వాటి మీదే నిద్రపోతున్నారు. “మీ వాళ్లు ఎప్పుడు కొంటారు?” అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. 2021లో మలావీ నుంచి ఏటా 50,000 టన్నులు తీసుకునే ఒప్పందం కుదిరింది, కానీ అది అయిదేళ్లకే. ఒక్క కొనుగోలుదారును నమ్మి ఎవరిచేతా అదనంగా విత్తించకు. కొంత పంట అక్కడే పప్పుగా మారేలా చిన్న మిల్లులకు డబ్బు పెట్టు.

ఊళ్లలో మన పొదుపు సంఘాల వంటి వసారా బ్యాంకులున్నాయి, బ్యాంక్ ఎంఖొండె అంటారు. ఎవరు మాట నిలుపుకుంటారో ఆ సంఘాల వాళ్లకు తెలిసినంతగా నీ దరఖాస్తు ఫారాలకు తెలియదు. అక్కడి భాష చిచేవాలో నేను రాసుకున్న మాటల నోటుపుస్తకం మీ అమ్మ దగ్గర ఉంచాను, మరవకుండా తీసుకువెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య