మేత వేసిన లెక్క వేరు, తిన్న లెక్క వేరు

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసింది. రాజమండ్రిలో ఒక ట్రైనింగ్ సంస్థలో ఎల్ఎంఎస్ (ఆన్‌లైన్ పాఠాలు నడిపే సాఫ్ట్‌వేర్) డేటా చూసే ఉద్యోగం వచ్చింది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరు కాలేదు అని రిపోర్టు పంపడమేనట. డిగ్రీ చదివి హాజరుపట్టీ రాయడమేమిటండి? హైదరాబాద్ పంపించి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయిద్దామంటే, ఉన్నది చిన్న రొయ్యల చెరువు. ఫీజు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది."

అయ్యా, రిపోర్టు పంపి ఊరుకుంటే అది హాజరుపట్టీయే. కాదనను. కానీ మీకు చెరువు ఉంది కాబట్టి మిగతాది మీకు తేలిగ్గానే చెప్పొచ్చు.

రోజూ ఎన్ని బస్తాల మేత వేశారో మీరు పుస్తకంలో రాసుకుంటారు. రేపు మేత పెంచాలా తగ్గించాలా అన్నది మాత్రం పుస్తకం చూసి తేల్చరు. నీటిలో దించిన చెక్ ట్రే పైకి లేపి, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూస్తారు. మేత మిగిలితే కోత పెడతారు. లాగిన్ల సంఖ్య మేత బస్తాల లెక్క లాంటిది. ట్రే లేపి చూసే మనిషి ట్రైనింగ్ సంస్థల్లో చాలా తక్కువ. మీ అమ్మాయి ఆ పని నేర్చుకోవాలి.

ఒక పాఠం సంగతి చూద్దాం. ఎలక్ట్రీషియన్ కోర్సులో ఎర్తింగ్ మీద 20 నిమిషాల వీడియో ఉందనుకోండి. అందరి పేరు పక్కనా 'పూర్తయింది' అనే ఉంటుంది. చాలా కోర్సులు స్కార్మ్ అనే పద్ధతిలో ప్యాక్ చేస్తారు. అందులో సాధారణంగా పాఠం ఎంతసేపు తెరిచి ఉందన్నదే సమయంగా పడుతుంది. కుర్రాడు ఫోను పక్కన పెట్టి భోజనానికి వెళ్లినా లెక్కలోకి వస్తుంది. అందుకని వీడియో తర్వాత పెట్టిన క్విజ్ చూడాలి. మూడిల్ అనే ఎల్ఎంఎస్‌లో ప్రతి ప్రశ్నకూ రెండు అంకెలు దొరుకుతాయి: సగటున ఎంత మార్కు వచ్చింది, మొత్తం పరీక్షలో బాగా రాసినవాళ్లకూ రానివాళ్లకూ ఆ ప్రశ్న తేడా చూపిందా లేదా. తెలివైనవాళ్లే వరసగా తప్పు రాస్తుంటే పిల్లల్ని తిట్టే ముందు జవాబుల కీ చూడాలి. తరచూ తప్పు అక్కడే ఉంటుంది, లేదా ప్రశ్నే అర్థం కాకుండా ఉంటుంది. కీ సరిగ్గానే ఉండి అందరూ తప్పితే ఆ పాఠం మళ్లీ తీయాలి. ఇలా ఒక్క అంకె చూసి సంస్థ ఒక నిర్ణయం తీసుకుంటుంది. జీతం పెరిగేది ఇలాంటి పనికే.

ఇక్కడ మన ప్రాంతం తెలిసినవాళ్లకు ఒక లాభం కూడా ఉంది. సంక్రాంతి వారంలో లాగిన్లు పడిపోతే ఎక్కడో కూర్చున్న మేనేజరు కోర్సు బాగాలేదనుకుంటాడు. అవి కోడిపందేల రోజులని మీ అమ్మాయికి ఒకరు చెప్పక్కర్లేదు. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడో, చెరువు పట్టుబడి రోజుల్లోనో కొందరు కనబడకపోతే వాళ్లు మానేసినట్టు కాదు, బ్యాచ్ టైము మార్చమని అర్థం. అయితే ఊహించి రాసేయకూడదు. మూడో పాఠం దగ్గర ఆగిపోయిన పదిమందికి ఫోన్ చేసి కారణం అడగాలి. డేటా ఎవరికి ఫోన్ చేయాలో చెబుతుంది, ఎందుకు ఆగారో చెప్పదు.

అన్నిటికీ ఎల్ఎంఎస్ సరిపోతుందనీ అనుకోవద్దు. డోనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసరు 1959లోనే ట్రైనింగ్‌ను నాలుగు మెట్లుగా కొలవమన్నారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, ఫలితం వచ్చిందా. ఎల్ఎంఎస్ మొదటి రెండింటి దగ్గరే దాదాపు ఆగిపోతుంది. మిగతా రెండూ కావాలంటే ఉద్యోగం ఇచ్చిన కంపెనీని అడగాలి, ఆ లెక్కను దీనితో జతచేయాలి. ఈ జత కుదిర్చేవాళ్లను లెర్నింగ్ అనలిస్ట్ అంటారు. కార్పొరేట్ కంపెనీల్లో ఉద్యోగుల శిక్షణ చూసే ఎల్ అండ్ డీ విభాగాల్లోనూ ఈ పని ఉంటుంది. రాజమండ్రి అనుభవం అక్కడా చెల్లుతుంది.

హైదరాబాద్ ఫీజు ఇప్పుడు కట్టకండి. ఎక్సెల్‌లో లెక్కలు గుదిగుచ్చే పివట్ టేబుల్, ఆ తర్వాత డేటాబేస్ నుంచి వివరాలు తీసే ఎస్‌క్యూఎల్, చివర అంకెల్ని బొమ్మలుగా చూపే పవర్ బీఐ. ఈ మూడూ ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. మూడిల్ ఉచితం, లాప్‌టాప్‌లోనే పెట్టుకోవచ్చు. మౌంట్ ఆరెంజ్ స్కూల్ అనే పేరుతో వాళ్లదే డెమో సైటు ఉంది, టీచరుగా లోపలికి వెళ్లి రిపోర్టులు తిప్పి చూడమనండి. ఇంకో మాట, 18 ఏళ్లలోపు పిల్లలుండే కోర్సుల్లో వివరాలు జాగ్రత్తగా చూసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. లిస్టు వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటు మొదటిరోజు నుంచే వద్దు.

చేరే ముందు మాత్రం అక్కడి మేనేజరును ఒక ప్రశ్న అడగమనండి: "పోయిన ఏడాది ఈ రిపోర్టులు చూసి మీరేం మార్చారండి?" ఒక పాఠం మార్చామనో, సాయంత్రం బ్యాచ్ పెట్టామనో చెబితే నిశ్చింతగా పంపించండి. తడుముకున్నా చేరొచ్చు, కానీ ఏడాది గడువు పెట్టుకుని. ఆ ఏడాదిలో తను చూపించిన అంకె వల్ల ఒక్క మార్పయినా జరిగిందేమో చూసుకోమనండి. జరిగితే బయోడేటాలో మొదటి లైను అదే. జరగకపోతే అప్పుడు హైదరాబాద్ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.