దివిసీమలో పొలం చేసే అబ్బాయికి బాబాయి ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి అవనిగడ్డ పొలం సొంతంగా చేస్తానన్నావట, సంతోషం. ఎరువుల సంగతి, నీటి వంతుల సంగతి ఊళ్లో ఎవరైనా చెబుతారు. మొన్న ఫోన్లో "కనబడ్డ పామునల్లా కొట్టించేస్తా" అన్నావు చూడు, అందుకే ఈ ఉత్తరం.

కాలవలో తలెత్తి ఈదేది నీరుకట్టు. కోపం ఎక్కువ, పట్టుకుంటే నెత్తురొచ్చేలా కరుస్తుంది గానీ విషం లేదు. జెర్రిపోతుకీ విషం లేదు. దాన్ని చంపితే ఎలుకలు నీ వరిని మేస్తాయి.

నువ్వు భయపడాల్సింది రక్తపింజరకి. లావుపాటి ఒళ్లు, గోధుమరంగు మీద మూడు వరసల ముదురు మచ్చలు. అలికిడైనా తప్పుకోదు. ఉన్నచోటే చుట్ట చుట్టుకుని కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుసకొడుతుంది. ఆ చప్పుడు ఎటునుంచో తేలేదాకా అడుగు తియ్యకు. ఇది గుడ్లు పెట్టదు, ఒక్కో ఈతకి 20, 30 పిల్లల్ని కంటుంది. పిల్లలకీ పుట్టుకతోనే విషం. 2018 ఆగస్టులో ఇక్కడ వరసగా పాముకాట్లు పడితే మోపిదేవి గుళ్లో సర్పశాంతి హోమం చేశారు. హోమం వద్దనను, గమ్‌బూట్లు కూడా కొనుక్కో. తొడిగేముందు దులుపు. గట్ల మీద గడ్డి చేత్తో పీకకు, ముందు కర్రతో కదిలించు.

కట్లపాము గొడవ రాత్రిపూట. పాకలో నేలమీద పడుకోకు, దోమతెర అంచులు పరుపు కిందికి దోపు. అది కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు, చీమేమో అనుకుంటారు. తర్వాత కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి.

కాటు పడితే తాడు బిగించొద్దు, కోయొద్దు. ఉంగరాలు తీసేసి, కాలు కదలకుండా బద్ద కట్టి తిన్నగా ఆస్పత్రికి వెళ్లు. మంత్రాలాయన ఇంటి ముందు బండి ఆపావా, నేను ఊరుకోను. పాముని చంపి సంచిలో తేనక్కర్లేదు. తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ విరుగుడు మందు ఒకటే. డాక్టరు గాజుగొట్టంలో నెత్తురు తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాడు. గడ్డకట్టకపోతే పింజర విషం ఎక్కిందని లెక్క. ఆలస్యం చేస్తున్నారని అప్పుడు గొడవకి దిగకు.

హంసలదీవి వైపు వెళ్తే వలల్లో చదును తోక పాములు పడుతుంటాయి. అవి సముద్రపు పాములు, మహా విషం. పైన చెప్పిన మందు వాటికి పనిచేయదు, సరదాకి కూడా వలలో చెయ్యి పెట్టకు.

నీ బూట్ల సైజు చెప్పు, బందరులో తీసుకుంటాను.

మీ బాబాయి